గుడియాత్తం స్లాబుకు పాటలు పెట్టిన రోజు

ఆవణి మాసం (తమిళుల శ్రావణం), శుక్రవారం. స్థలం: వేలూరు పక్క గుడియాత్తంలో లుంగీల షావుకారు గారు కట్టిస్తున్న కొత్త ఇల్లు. పని: మిద్దె స్లాబు పోయడం. హాజరైనవారు: కట్టడం మేస్త్రి అయిన మా మేనమామ, షావుకారు గారు, మైకు సెట్టు సూది అన్న, కింది వరసను నడిపించే పెద్దక్క, పై వరసను నడిపించే ఆమె మరిది గుండు బావ, బాండ్లీలు (కాంక్రీటు తట్టలు) అందించే ఆడవాళ్ళు, మగవాళ్ళు, నేను.

నా డైరీలో ఆ రోజు పేజీ ఇలా మొదలవుతుంది. (హాజరు వేయకుండా ఏ రోజునూ మొదలుపెట్టే అలవాటు నాకు లేదు. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో కూడా వేసేవాణ్ణి. మా ఆవిడ చూసి, "ఉండేది ఇద్దరమే కదా, రాసుకోకపోతే మర్చిపోతావా?" అని అడిగింది. అయినా మానలేదు.)

ఆ రోజుల్లో పాట ఎవరి చెవిలో వాళ్ళకు వినబడేది కాదు. కొబ్బరి చెట్టుకో, కరెంటు స్తంభానికో కట్టిన రేకు హారనులోంచి మొత్తం వీధి మీద పడేది. పిల్లలకు చెవులు కుట్టించినా, ఎవరో కొత్తగా టీకొట్టు తెరిచినా, హారను కట్టకపోతే అది జరిగినట్టే లెక్క కాదు. పరీక్షకు చదువుకుంటున్నవాడూ, జ్వరంతో ముసుగుతన్ని పడుకున్నవాడూ, అప్పుడే పెళ్ళాంతో పోట్లాడి గడప మీద కూర్చున్నవాడూ అందరూ అదే పాట వినాలి, అదే గట్టితనంతో వినాలి. ఇప్పుడు మా మనవరాలు చెవుల్లో రెండు తెల్లటి గింజలు పెట్టుకుని ఒక్కతే తల ఊపుతూ ఉంటే, ఏం వింటోందో ఇంట్లో ఎవరికీ తెలియదు. మాకు అలాంటి రహస్యాలు ఉండేవి కావు. ఎవరికి ఏ పాట ప్రాణమో, ఏ పాట మొదలైతే ఎవరు లేచి వెళ్ళిపోతారో వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఎన్నో రకాల లెక్కలు వేసిన నేను ఈ ఒక్క సంగతిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు.

మాది ఒడుగత్తూరు పక్క వ్యవసాయ కుటుంబం. మా నాయనకు నేలా ఉంది, ఎద్దులూ ఉన్నాయి. నాకేమో ఎద్దులంటే భయం. (ఇది మా ఊళ్ళో చాలా పెద్ద రహస్యమని నేను అనుకునేవాణ్ణి. ఎద్దులతో సహా అందరికీ తెలుసని తర్వాత తెలిసింది.) చదువు పూర్తయ్యాక వేలూరు బాగాయంలో ఉన్న మామ దగ్గర చేరాను. ఇటుకలు ఎన్ని వచ్చాయి, ఇసుక ఎంత దిగింది, ఎవరు పనికి వచ్చారు, ఎవరు రాలేదు అని రాసిపెట్టడం నా ఉద్యోగం. గోడలు లేచేకొద్దీ నాకు ఆ పని మీద ప్రేమ పెరిగింది. నిన్న లేని కిటికీ ఇవాళ ఉండటం, దాంట్లోంచి ఎవరో తొంగిచూడటం నాకు ఎంత చూసినా తీరని వింతగా ఉండేది. మామకు మాత్రం నా మీద ఇంకా నమ్మకం కుదరలేదు. "రాసేదానికి ఒకడు కావాలని నేను ఎవురిని అడిగినా?" అని అప్పుడప్పుడు ఆకాశాన్ని అడిగేవాడు.

గుడియాత్తం స్లాబు నా చేతికి వచ్చిన మొదటి పెద్ద పని. స్లాబు సంగతి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. మిద్దె కాంక్రీటు ఒకే పూటలో, ఎక్కడా ఆపకుండా పోయాలి. మధ్యలో ఆపి మళ్ళీ పోస్తే ఆ అతుకు దగ్గర జీవితాంతం నీళ్ళు కారతాయి, ఇంటివాళ్ళు జీవితాంతం మేస్త్రిని తిడతారు. అప్పట్లో కాంక్రీటును పైకి చేర్చే యంత్రాలు లేవు. కింద మిషన్ కలిపి పోస్తే, దాన్ని ఇనుప బాండ్లీల్లోకి ఎత్తి, వెదురు బొంగులతో కట్టిన సారం మీద మెట్టుకొకరు నిలబడి చేతికి చెయ్యి అందించుకుంటూ పైకి పంపాలి. ఆ వరసలో ఎవరి చెయ్యి నెమ్మదించినా మొత్తం వరస నెమ్మదిస్తుంది.

ఒకసారి వేలూరులో ఒక గోదాము ముందు మూటలు దించేవాళ్ళను చూశాను. పక్క టీకొట్టు రేడియోలో హుషారు పాట వస్తే మూటలు ఎగిరినట్టు దిగాయి. జోలపాట లాంటిది వచ్చేసరికి అదే మనుషులు నిద్రలో నడుస్తున్నట్టు నడిచారు. నా బుర్రలో దీపం వెలిగింది. స్లాబుకు పాటలు పెడితే? అది కూడా ఏ పాట పడితే ఆ పాట కాకుండా, పనికి తగ్గ పాటలు వరసగా పెడితే? నాలుగైదు సాయంత్రాలు ఆ టీకొట్టులో కూర్చుని, కాలితో తాళం వేస్తూ, వచ్చిన ప్రతి పాటనూ మూడు రకాలుగా విడదీశాను: నడక పాటలు, పరుగు పాటలు, కునుకు పాటలు. కునుకు పాటలన్నీ కొట్టేశాను. పొద్దున నడక, ఎండ ఎక్కక ముందు పరుగు, భోజనం కాగానే మళ్ళీ కాసేపు నడక (కడుపు నిండినవాణ్ణి పరుగెత్తించకూడదు), మబ్బు పట్టే వేళకు అన్నీ పరుగే. ఆవణి నెలలో మా పక్క సాయంత్రం వాన ఎప్పుడైనా రావచ్చు.

మామకు ఇది చెప్పినప్పుడు ఆయన మీసం దువ్వుకున్నాడు. "కాంక్రీటుకు సిమెంటు కావాల, కంకరజల్లి కావాల, నీళ్ళు కావాల. పాట కావాలని నాకు ఎవురూ చెప్పలేదే" అన్నాడు.

"వేగంగా అయిపోతాది మామా. వాన లోపల ముగించేయచ్చు."

"సరే నాయనా. నీ మాట మీదే పెడదాం. స్లాబు ఆగకుండా అయిపోతే మంచిదే. మధ్యలో ఆగిందా, మరుసటి దినం ఒడుగత్తూరు బస్సు ఎక్కు. మీ నాయన ఎద్దులు నీ కోసరం కాచుకోనుండాయి."

నాకు ఆ రాత్రి ఎద్దులే కలలోకి వచ్చాయి.

శుక్రవారం పొద్దున్నే సూది అన్న వచ్చాడు. ఆయన రెండు హారన్లు, ఒక ఆంప్లిఫయరు, రికార్డు పెట్టె, రికార్డులున్న ట్రంకుపెట్టె దింపుకుని, రికార్డులు పాడించే తన సూదిని మాత్రం జేబులోంచి పట్టుగుడ్డలో చుట్టింది తీశాడు. ఆ సూదిని ఇంకొకరు తాకడానికి వీల్లేదు. (ఆయన భార్య కూడా తాకలేదని చెప్పుకునేవారు.) నేను నా పాటల వరస చదివి వినిపిస్తే ఆయన ముక్కుపొడి పీల్చి, "ఏమప్పా, పాటలకు టైంటేబులా? పాటలేమన్నా బడి పిల్లకాయలా, పళ్ళికూడానికి పోతాయా?" అని అడిగాడు. అయినా పెట్టాడు.

కర్పూరం వెలిగించారు. మొదటి బాండ్లీ మామ చేతి మీదుగా పైకి వెళ్ళింది. నడక వంతుకు దేవుడి పాటతో మొదలుపెట్టాం. బాండ్లీలు గుడిలో ప్రసాదం పంచినంత పద్ధతిగా కదిలాయి. మామ నా వైపు చూసి తల ఊపాడు. షావుకారు గారు వేపపుల్ల నములుతూ, "భలే ఉండాదే!" అన్నారు. నేను గర్వంగా సూది అన్నకు చెయ్యి ఊపాను. మొదటి పరుగు పాట మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మా పక్క తమిళ సినిమాల్లో ఇద్దరు హీరోలు ఉండేవారు. పేర్లు ఎందుకు, మేము వాళ్ళను కత్తి హీరో, కన్నీళ్ళ హీరో అనుకునేవాళ్ళం. ఒకాయన కత్తి తిప్పితే పదిమంది పడేవారు, ఇంకొకాయన ఏడిస్తే హాలు మొత్తం ఏడ్చేది. కత్తి హీరో మనుషులు కన్నీళ్ళ హీరో మనుషుల ఇంట్లో మంచినీళ్ళు తాగేవాళ్ళు కాదు. మా పనివాళ్ళందరూ ఒకే బంధువర్గం, ఇళ్ళలో తెలుగే మాట్లాడుకునే కట్టడం పనివాళ్ళు. అయినా పెద్దక్క పుట్టింటివాళ్ళందరూ కత్తి. ఆమె మోచేతి మీద కత్తి పచ్చబొట్టే ఉంది. గుండు బావ వర్గం కన్నీళ్ళు. ఇనుప కమ్మీని మోకాలి మీద వంచగల ఆ మనిషి సినిమా చూసొస్తే రెండు రోజులు ముక్కు చీదుతూ ఉండేవాడు. మామ బంధుత్వాలను బట్టి వరసలు కట్టాడు కాబట్టి, సారం కింది సగం మొత్తం కత్తి, పై సగం మొత్తం కన్నీళ్ళు అయింది.

నా మొదటి పరుగు పాట కత్తి హీరోది.

కింది సగంలో చేతులు కనబడలేదు. పెద్దక్క కొంగు బిగించి, "పంపండే! సీక్రం పంపండే!" అని అరుస్తూ బాండ్లీలను పక్షుల్లా ఎగరేసింది. అవి సారం సగానికి చేరి అక్కడే ఆగిపోయాయి. పైన గుండు బావ మెల్లగా, పెళ్ళిలో పెద్దమనిషి తాంబూలం అందుకున్నట్టు, ఒక్కొక్క బాండ్లీనే అందుకుంటున్నాడు. మధ్య మెట్టు మీద నిలబడ్డ మనిషి రెండు చేతుల్లో రెండు, తలమీద ఒకటి పెట్టుకుని, "యప్పా! తీసుకోండప్పా! మెడ విరిగిపోతాదప్పా!" అని మొరపెట్టుకున్నాడు.

"ఏం మరిదీ, చేతులకు చలి పుట్టిందా?" అని కిందనుంచి పెద్దక్క.

"సిమెంటు కొరికింది వదినా" అన్నాడు గుండు బావ చాలా శాంతంగా.

నేను పరుగెత్తుకెళ్ళి పాట మార్పించాను. తర్వాతి పరుగు పాట కన్నీళ్ళ హీరోది. (ఆయన కూడా ఎప్పుడైనా గంతులు వేసేవాడు.) వెంటనే గుండు బావకు సిమెంటు కొరికింది తగ్గిపోయింది. పై సగం మొత్తం ముందుకు వంగి, చేతులు చాచి, "యాడ బాండ్లీ? యాడ బాండ్లీ?" అని కేకలు మొదలుపెట్టింది. కింద పెద్దక్క మెట్టు మీద కూర్చుని వక్కాకు సంచి విప్పింది.

"ఏంది వదినా, కూచున్నావే?"

"కాళ్ళు లాగతా ఉండాయి మరిదీ. మీవోడు ఏడుపు నిలిపేసి పాడతా ఉండాడే, అది వినేదానికే ఓపిక లేదు."

ఇలా కాసేపు వీళ్ళ పాట, కాసేపు వాళ్ళ పాట వేసి చూశాను. ఎవరి పాట వస్తే వాళ్ళు పనిచేశారు, ఇంకొకళ్ళు విశ్రాంతి తీసుకున్నారు. కింద మిషన్ మాత్రం ఏ హీరోకూ చెందినది కాదు కాబట్టి ఆగకుండా కాంక్రీటు పోస్తూనే ఉంది. కుప్ప పెరిగింది. కొండల వైపు నల్లటి మబ్బు ఒకటి తీరిగ్గా లేచింది. షావుకారు గారు వేపపుల్ల పారేసి, "ఏం మేస్త్రీ, ఇల్లు కడతా ఉండామా, కచేరీ పెట్టినామా?" అన్నారు. మామ నా దగ్గరికి వచ్చి, గొంతు ఏమాత్రం పెంచకుండా, "పాట ఆపు" అన్నాడు. ఆయన గొంతు పెంచనప్పుడే నాకు ఎక్కువ భయం.

పాట ఆపించాను. అప్పటిదాకా జరిగింది ఒక ఎత్తు, ఆపిన తర్వాత జరిగింది ఇంకొక ఎత్తు. ఆ క్షణంలో కన్నీళ్ళ హీరో పాట రెండో చరణంలో ఉంది. గుండు బావ సారం మీదనుంచి గర్జించాడు.

"మా పాట నడీమధ్యలో నిలిపింది ఎవురు? వాళ్ళ పాట పూర్తిగా వేసినారు, మాది సగానికి తెంచినారు. ఇది అవమానం!"

"అట్లే కావాల!" అని కిందనుంచి ఎవరో చప్పట్లు కొట్టారు. పై సగం చేతులు కట్టుకుంది. కింది సగం నవ్వింది. ఇప్పుడు పాట లేకుండా పని జరగదు. ఒకరి పాట పెడితే ఇంకొకరు కదలరు. స్లాబు మూడో వంతు కూడా కాలేదు. తడి కాంక్రీటు పై అంచు నా కళ్ళముందే ఎండలో రంగు మారుతున్నట్టు అనిపించింది. నా చెవుల్లో ఎద్దుల మెడగంటలు మోగసాగాయి.

సూది అన్న ట్రంకుపెట్టె ముందు మోకాళ్ళ మీద పడ్డాను. "అన్నా, వీళ్ళిద్దరిదీ కాని పాట ఒకటి ఇయ్యన్నా."

"పాటంటే ఎవురో ఒకరిదే కదప్పా. ఎవురిదీ కాని పాట యాడుంటాది?"

"దేవుడి పాట మళ్ళీ వేస్తే?"

అది పెద్దక్కకు వినబడింది. "సామి పాటకు పరిగెత్తితే పాపం నాయనా. మెల్లిగానే చేస్తాము" అని హెచ్చరించింది. నేను ఒక్కొక్క రికార్డే తీశాను. కత్తి, కన్నీళ్ళు, కన్నీళ్ళు, కత్తి. అట్టడుగున, అట్ట చిరిగి, కాగితం మీద అక్షరాలు పూర్తిగా అరిగిపోయిన రికార్డు ఒకటి దొరికింది. ఎప్పుడో చిత్తూరు పక్కనుంచి వచ్చిన మగపెళ్ళివాళ్ళు తెచ్చి, వేయించుకుని, మరిచిపోయి వెళ్ళిన తెలుగు పాటట.

"అది వద్దప్పా, గీత పడి ఉండాది. నా సూది చెడిపోతాది" అని సూది అన్న రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"అన్నా, నాకు ఎద్దులంటే భయమన్నా" అన్నాను.

ఆయనకు ఏమర్థమైందో తెలియదు. నా మొహం చూసి పట్టుగుడ్డతో సూదిని తుడిచి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ రికార్డు మీద వాల్చాడు.

డోలక్కుతో మొదలైంది. హుషారైన యుగళగీతం. ఒక వరస అతను, ఒక వరస ఆమె, మధ్యలో ఆమె కిలకిలా నవ్వు. సారం మీద ఎవరూ కదల్లేదు. కోపంతో కాదు, ఆశ్చర్యంతో. ఇంట్లో అన్నం పెట్టమని అడిగే భాష, పిల్లలను తిట్టే భాష, కొబ్బరి చెట్టు మీది హారనులోంచి రావడం వాళ్ళెప్పుడూ వినలేదు. హారను అంటే తమిళమే.

"ఏమే, ఇది మన మాట కదే!" అంది పెద్దక్క.

"ఈ హీరో ఎవురు వదినా?" అని గుండు బావ పైనుంచి అనుమానంగా అడిగాడు.

"ఎవురైతే ఏమి? మీవోడూ కాదు, మావోడూ కాదు. మంచోడుగానే ఉండాడు. పట్టుకో బాండ్లీ!"

ఆ తెలుగు హీరో సినిమాలు గుడియాత్తం దాకా వచ్చేవి కావు. ఆయనకు ఇక్కడ అభిమానులూ లేరు, శత్రువులూ లేరు. ఆయన కోసం పనిచేయడానికి ఎవరికీ అభ్యంతరం కనబడలేదు. బాండ్లీ కిందనుంచి పైకి, మధ్య మెట్టువాడి మెడకు విశ్రాంతినిస్తూ, నీళ్ళలో చేపలా జారిపోయింది. దాని వెనక ఇంకొకటి. ఆ వేగం నా నడక పాటలకూ పరుగు పాటలకూ మధ్య ఎక్కడో ఉంది. నేను వేసిన మూడు రకాల్లో అసలు లేనేలేదు.

గీత సంగతి సూది అన్న నిజమే చెప్పాడు. సరిగ్గా ఆ అమ్మాయి నవ్వే చోట సూది చిక్కుకుపోయేది. "హిహ్హిహ్హీ" అని ఒకసారి, మళ్ళీ "హిహ్హిహ్హీ", మళ్ళీ "హిహ్హిహ్హీ". మూడోసారికి సూది అన్న గుండె పట్టుకుని, వేలితో పెట్టెను మెల్లగా తట్టేవాడు. పాట ముందుకు పోయేది. మొదటిసారి వరస మొత్తం బాండ్లీలు పట్టుకుని అలాగే ఊగుతూ నిలబడిపోయింది. రెండోసారి ఎవరో ఆ అమ్మాయితో కలిసి నవ్వారు. నాలుగోసారికి పై సగం, కింది సగం ఒకే గొంతుతో మూడుసార్లు నవ్వి, మూడో నవ్వుకు బాండ్లీలు మార్చుకుని, మళ్ళీ కదిలాయి. ఆ పాట అయిపోగానే అదే మళ్ళీ, మళ్ళీ అదే. వేరే పాట పెట్టే ధైర్యం నాకు లేదు. భోజనాల వేళ కూడా సగం మంది తింటుంటే సగం మంది అందించారు. తినేవాళ్ళు కూడా మూడుసార్లు నవ్వే చోట ముద్ద ఆపి నవ్వి మింగారు. షావుకారు గారి తల్లి లోపలినుంచి వచ్చి, "ఆ అమ్మాయికి ఏమైంది, అన్నిసార్లు నవ్వతా ఉండాది?" అని అడిగి, జవాబు వినకుండా తానూ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

ఎండ తగ్గే వేళకు చివరి బాండ్లీ పైకి వెళ్ళింది. మామ చెక్కతో ఆఖరి మూలను నున్నగా రుద్ది నడుము ఎత్తాడు. గోనెలు, తార్పాలిన్లు కప్పడం ముగిసిందో లేదో వాన దిగింది. పెద్దక్క, గుండు బావ ఒకే తార్పాలిన్ కింద నిలబడి, కత్తి గొప్పా కన్నీళ్ళు గొప్పా అని హాయిగా పోట్లాడుకోవడం మొదలుపెట్టారు. సూది అన్న సూదిని వెలుతురుకు ఎత్తి చూసి, పట్టుగుడ్డలో చుట్టుకున్నాడు.  మామ వెళ్ళేముందు, "పొద్దున్నే రా" అన్నాడు. ఎందుకో చెప్పలేదు. స్లాబు పూర్తయిన మాట నిజమే. మధ్యలో పాటల గోలకు పని ఆగిన మాట కూడా నిజమే. ఆ ఆగిన కాసేపటికి ఎక్కడైనా అతుకు పడి ఉంటే? గదికి వెళ్ళి బట్టలు సంచిలో సర్దుకున్నాను.

తర్వాత నేను ఎన్నో స్లాబులు పోయించాను. ఇప్పుడు పెద్ద గొట్టం ఒకటి వచ్చి కాంక్రీటును తానే పైకి చిమ్ముతుంది. నలుగురు మనుషులు చాలు, ఆ నలుగురి చెవుల్లోనూ ఎవరి పాట వాళ్ళది. పని చక్కగా, తొందరగా అయిపోతుంది. నేను నిలబడి చూస్తాను. ఎవరూ ఎవరితోనూ పోట్లాడరు.

స్లాబు పోసిన మరుసటి రోజు పొద్దున సంచి భుజాన వేసుకుని షావుకారు గారి వీధిలోకి తిరిగాను. వాన వెలిసి వీధి కడిగినట్టుంది. వీధిలో లుంగీల మగ్గాలు అప్పుడే మొదలయ్యాయి. మొదటి ఇంట్లో ఎవరో నేస్తూ కూనిరాగం తీస్తున్నారు. తమిళం తప్ప ఇంకో మాట రాని మనిషి, మాటలు రాని చోట "లాలా" పెట్టుకుని, నవ్వు దగ్గరికి వచ్చేసరికి పొల్లుపోకుండా మూడుసార్లు నవ్వాడు. పాట అసలు అంతేననుకున్నాడు పాపం. పాలు పోసేవాడు కూడా అంతే. మెట్లెక్కి మిద్దె మీదికి వెళ్ళాను. మామ ఒక్కడే ఉన్నాడు. స్లాబు గట్టిపడేందుకు దాని చుట్టూ మట్టితో చిన్న గట్టు కట్టి, కడవతో నీళ్ళు నింపుతున్నాడు. నా వైపు వీపు. కడవ వంచుతూ, అంత పెద్ద మీసం ఉన్న మనిషి, సన్నటి గొంతుతో, "హిహ్హిహ్హీ... హిహ్హిహ్హీ... హిహ్హిహ్హీ" అన్నాడు.

నేను దగ్గాను. ఆయన వెనక్కి తిరిగి, మీసం సవరించుకుని, నా సంచిని చూశాడు.

"అదేంది?"

"బస్సుకు మామా. ఒడుగత్తూరు."

మామ నన్ను కిందికి తీసుకెళ్ళాడు. స్లాబును మోస్తున్న చెక్కల కింద నిలబడి ఇద్దరం తల ఎత్తి మూల మూలా చూశాం. పైన నీళ్ళు నిలబడి ఉన్నాయి. కింద ఒక్క చుక్క లేదు. ఆయన చాలాసేపు చూసి, మెడ రుద్దుకున్నాడు.

"వచ్చే వారం కావేరిపాక్కంలో స్లాబు ఉండాది. ఆడుండే పనివాళ్ళు ఎవురెవురు ఏ హీరో మనుషులో ముందే కనుక్కోని రా. ఒక్కొక్క ఇల్లూ అడుగు."

నేను ఆనందం పట్టలేక జేబులోంచి పెన్సిలు తీశాను.

"ఇప్పుడు పెన్సిలు కాదు నాయనా, కడవ ఎత్తు."

ఎత్తాను. సంచి గుమ్మం దగ్గర వదిలేసి, నిండు కడవ భుజాన పెట్టుకుని, చొక్కా తడుపుకుంటూ, ఎవరూ వినకుండా తనలో తాను మూడుసార్లు నవ్వుకుంటూ ఆ మెట్లెక్కుతున్న కుర్రవాణ్ణి నేను ఇప్పటికీ అప్పుడప్పుడు చూస్తుంటాను. వాడు నన్ను గమనించడు. వాడికి పని ఉంది.